లక్నో నుంచి వచ్చినావిడ

“చున్నీ నెత్తిమీదే ఉందా?” ఫోన్లో ఖాలా, అంటే అమ్మ చెల్లెలు, గుసగుసగా అడిగింది.

“ఉంది ఖాలా. టికెట్ల వరుసలో ఉన్నాను, పెట్టేస్తున్నా.”

“పెట్టకు, విను. లక్నో వాళ్ళు ఈ వారంలో చెప్పాపెట్టకుండా వచ్చి పిల్లను చూసుకుంటారని పెళ్ళిళ్ళ నఫీసా ముందే చెప్పింది. ఇవాళ లక్నో ఆవిడెవరో గైడుగా నువ్వే కావాలని పేరు పెట్టి అడిగింది. వెంట కుర్రాడు కూడా ఉన్నాడంటివి. ఇంకా అనుమానమేంటే? ఉద్యోగం సంగతి ఎత్తితే ఏం చెప్పాలో గుర్తుందా?”

“పెళ్ళయ్యాక మానేస్తానని.”

“ఆ ఏడుపు గొంతుతో కాదు, నవ్వుతూ చెప్పు. ఈ సంబంధం కూడా తప్పిపోతే మీ అమ్మ మంచం పట్టేట్టుంది.”

నుజహత్ ఆగ్రాలో ఆరేళ్ళుగా గైడు. పరాయి మగాళ్ళతో ఊరంతా తిరిగే పిల్ల మాకొద్దని ఇప్పటికి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆమెకు ఈ పనంటే ప్రాణం. కానీ ముప్ఫయ్యో ఏడు నెత్తిమీదికొస్తుంటే, ఇంట్లో అమ్మ కళ్ళనీళ్ళు చూస్తూ ప్రాణం ఎన్నాళ్ళని పట్టుకుని వేలాడుతుంది?

లక్నో నుంచి వచ్చిన కైసర్ బేగానికి అరవై దాటి ఉంటాయి. చూపు మాత్రం సూదిలా ఉంది. పెద్ద ద్వారం దాటి తాజ్‌మహల్ కనబడగానే అందరూ నోరు తెరిచి అటు చూస్తే, ఆవిడ నుజహత్ ముఖం చూసింది.

“రోజూ చూసేదానివి కదా, విసుగు రాదూ?”

“రాదు బేగం సాహెబా,” అనేసి నుజహత్ నాలిక్కరుచుకుంది. అంత ఇష్టం బయట పెట్టకూడదు.

“కట్టినవాళ్ళ చేతులు నరికించాడంటారు, నిజమేనా?” అన్నాడు ఫైజాన్. అదీ వెంట వచ్చిన కుర్రాడి పేరు. మనిషి సన్నగా, బిడియంగా ఉన్నాడు.

“ఉత్త కట్టుకథండీ. ఆ కథ చెబితే జనం నోట్లు ఎక్కువిస్తారని మా గైడ్లే దానికి ప్రాణం పోస్తుంటారు.”

ఫైజాన్ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ముఖం చూడ్డానికి సిగ్గుపడి కాగితంలో తలదూరుస్తున్నాడని నుజహత్ అనుకుంది. పాపం, ఇలాంటివాడైతే ఇంట్లో అత్తగారిదే రాజ్యం.

అక్కణ్ణుంచి వెళ్ళిన ఆగ్రా కోటలో ఎండ దంచేస్తోంది. కైసర్ బేగం నీడ చూసుకుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

“రోజంతా నడిస్తే కాళ్ళు పీకవూ?”

“అలవాటే.”

“ఒకే మాట పదిసార్లు అడిగితే కోపమొస్తుందా?”

“పదకొండోసారి వస్తుందేమో!”

ఆవిడ పకపకా నవ్వింది. “నీకంటే చిన్నవాళ్ళు తప్పు చేస్తే?”

ఆడపడుచులున్నారన్నమాట, అనుకుంది నుజహత్. “ముందు నేను చేసిన తప్పు చెబుతాను. అప్పుడు వాళ్ళకు సిగ్గనిపించదు.”

“లక్నోలో ఉండిపోవాల్సి వస్తే?”

“ఉంటాను.” నుజహత్ చెంపలు ఎర్రబడ్డాయి.

“మరి ఈ పని?”

రానే వచ్చింది. నుజహత్ నవ్వు తెచ్చిపెట్టుకుంది. “ఏదో కాలక్షేపానికి చేస్తున్నా. పెళ్ళయ్యాక మానేస్తాను.”

కైసర్ బేగం నవ్వు తగ్గింది. ఫైజాన్ పెన్ను ఆగింది.

సాయంత్రం యమున దాటి ఇతిమాద్‌ఉద్దౌలా సమాధికి వెళ్ళారు. అక్కడ నుజహత్ తనను తాను మరిచిపోయింది. చున్నీ జారినా చూసుకోలేదు.

“తాజ్‌ను భార్య కోసం మొగుడు కట్టించాడని లోకమంతా చెప్పుకుంటుంది. దానికంటే ముందే, తండ్రి కోసం ఒక కూతురు ఇది కట్టించింది. నూర్జహాన్. ఈ పూలు చూడండి, ఈ కూజాలు చూడండి! ఇంత పని చేయించిన ఆడమనిషి గురించి చెప్పమని నన్ను ఒక్కరూ అడగరు. అడక్కపోయినా నేను చెప్పకుండా వదలను.”

కైసర్ బేగం కళ్ళు చెమర్చాయి. దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంత బాగా చెప్పేదానివి, ఎలా మానేస్తావు తల్లీ? ఇంకోసారి ఆలోచించి చెప్పు. మానొద్దని ఎవరైనా బతిమాలితే?”

నుజహత్‌కు మాననని అరవాలనిపించింది. అమ్మ ముఖం గుర్తొచ్చింది. ఇది కాబోయే అత్తగారు పెడుతున్న చివరి పరీక్ష, ఇక్కడ జారితే అంతే సంగతులు.

“ఎవరు బతిమాలినా సరే, మానేస్తాను. ఒట్టు.”

ఆవిడ మెల్లగా చెయ్యి వదిలేసింది. ఫైజాన్ వైపు తిరిగి తలూపింది. అతను పక్కకెళ్ళి ఫోన్ చేశాడు. “ఢిల్లీ అమ్మాయికే ఖాయం చేసేయండి. ఆ, ఇప్పుడే చెప్పేయండి,” అనడం నుజహత్‌కు స్పష్టంగా వినబడింది.

మూడోదీ పోయింది. అంత అబద్ధం ఆడి కూడా పోయింది. కారు దాకా వాళ్ళను సాగనంపుతుంటే ఆమెకు దుఃఖం, రోషం కలిసి తన్నుకొచ్చాయి.

“నాలో లోటేమిటో చెప్పి వెళ్ళండి బేగం సాహెబా. ఆ ఢిల్లీ అమ్మాయి అంత గొప్పదా?”

“నీలో సగం కూడా లేదు. కానీ పని మాననంది.”

నుజహత్‌కు తల తిరిగిపోయింది. “కోడలు పని మానకూడదనుకునే అత్తగారు కూడా ఉంటుందా?”

“అత్తగారేమిటి?” కైసర్ బేగం తెల్లబోయి చూసింది. “నేనొచ్చింది ఆడపిల్లలకు గైడు పని నేర్పే పంతులమ్మ కోసం.”