ఆనంద గర్భం క్లాసు

“నవ్వమ్మా సింధూరా, నవ్వు! ఐదో నెలలో మొహం అలా వేలాడేసుకుంటే పుట్టేవాళ్ళకి ఏడుపుగొట్టు మొహం వస్తుందని క్లాసులో మేడమ్ చెప్పలేదూ?”

కుసుమకుమారి కోడలికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని మరీ నవ్విస్తోంది. సింధూర నవ్వింది గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. పోయినేడాది మూడో నెలలోనే కడుపు పోయింది. ఈసారి పొట్టలో ఏ చిన్న నొప్పి మెదిలినా గుండె జారిపోతోంది.

ఆ భయం పోగొట్టడానికే అత్తగారు ఆమెని ఎల్బీ నగర్‌లో ‘ఆనంద గర్భం’ క్లాసులో చేర్పించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టిన ఏ పిల్లకైనా ఏదో ఒక కోచింగ్ తప్పదు. ఈ బిడ్డ కాస్త ముందుగా చేరింది, అంతే.

పనమ్మాయి జ్యోతిక కొబ్బరిబోండాల సంచీ గుమ్మంలో దించి, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. వాళ్ళది నాలుగో అంతస్తు. లిఫ్టు పాడై చాలా రోజులైంది.

“బోండాలు తేవడానికి ఇంతసేపా?” అంది కుసుమకుమారి.

“మెట్ల మీద జర కూసున్నమ్మా.”

“ఎందుకు కూర్చోవు! మా ఇంట్లో చేరినప్పుడు పుల్లలా ఉండేదానివి. తిని తిని ఒళ్ళు చేశావు. ఇక మెట్లెక్కడం కూడా కష్టమే.”

జ్యోతిక బోండాం కొట్టి, నీళ్ళు గ్లాసులో పోసి సింధూరకి అందించింది.

క్లాసుకి ముగ్గురూ మెట్రోలో బయల్దేరారు. సింధూరని చూసి ఒకాయన లేచి సీటిచ్చాడు. “పక్కన నేను లేకపోతే పిల్ల కంగారు పడుతుంది బాబూ” అని కుసుమకుమారి పక్క సీటు కూడా ఖాళీ చేయించింది. జ్యోతిక ఒక చంకలో చాప, ఇంకో చంకలో దిండు, చేతిలో పళ్ళ డబ్బాతో కమ్మీకి ఆనుకుని నిలబడింది.

“ఆ డబ్బా అయినా ఇటివ్వు జ్యోతికా” అంది సింధూర.

“నువ్వు బరువులు పట్టుకోకూడదు!” అత్తగారు కోడలి చెయ్యి వెనక్కి లాగింది.

క్లాసు హాల్లో వీణ రికార్డు మోగుతోంది. గర్భిణులంతా చాపల మీద పక్కకి తిరిగి పడుకున్నారు. కృష్ణకుమారి మేడమ్ మైకులో తేనె ఒలకబోస్తోంది.

“గర్భం బరువు కాదమ్మా, పండగ! అద్దంలో చూసుకుని మురిసిపోండి. మనసు పడింది తినండి. చుట్టూ ఉన్నవాళ్ళంతా మీకు సేవ చేయడానికే పుట్టారనుకోండి.”

ఆ చివరి మాట కుసుమకుమారికి బాగా నచ్చింది. వెనక గోడ దగ్గర దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జ్యోతికని పిలిచి, కోడలి పాదాలు నొక్కమంది. తర్వాత తనే చెయ్యెత్తి మైకు అందుకుంది.

“మా ఇంట్లో పాత పనిమనిషి ఉండేదండీ. దానికి నెల తప్పిందని తెలిసిన రోజే మాన్పించేశాను. కడుపుతో ఉన్న మనిషి చేత చాకిరీ చేయించుకోవడం మహాపాపం కదా!”

హాలంతా చప్పట్లు. “పెద్ద మనసు!” అంది మేడమ్.

చివర్లో కళ్ళు మూసుకుని బిడ్డతో మాట్లాడమన్నారు. సింధూరకి మాటలకి బదులు ఏడుపొచ్చింది. “నెగెటివ్ వద్దు! నెగెటివ్ వద్దు!” అని మైకు హెచ్చరించింది. జ్యోతిక ముందుకి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఏడ్వకున్రి అక్కా. ఏం గాదు. మంచిగనే ఉంటది.”

“నీకేం తెలుసే ఈ భయం!”

జ్యోతిక ఆ చెయ్యి వదల్లేదు. కాసేపటికి సింధూర ఉలిక్కిపడింది. లోపల ఏదో కదిలింది, నీళ్ళలో చేపపిల్ల తోకాడించినట్టు. మళ్ళీ కదిలింది. ఏడుస్తూనే ఆమె గట్టిగా నవ్వేసింది.

“జ్యోతికా, కదిలిందే!”

“చూశారా మా సంగీతం మహిమ!” అని మేడమ్ ప్రకటించింది. కుసుమకుమారి వీడియో తీస్తూ, ఫోన్లో పడుతోందని జ్యోతికని అవతలికి జరగమంది.

ఆ రోజు సింధూర కడుపునిండా తిని, నిజంగానే అద్దం ముందు నిలబడి మురిసిపోయింది. అంట్లు తోమడం అయ్యాక జ్యోతిక వంటింటి గుమ్మంలో నిలబడింది.

“అమ్మా, రేపు పొద్దుగాల రాను. మలక్‌పేట దవాఖానకు పోవాలె.”

“ఎవరికేమైంది?”

“నాకే. పెయ్యిల మంచిగ ఉంటలేదు.”

“నిక్షేపంలా ఉన్నావు. అంటుకునే జబ్బయితే మాత్రం ముందే చెప్పు తల్లీ, ఇంట్లో గర్భిణి ఉంది!”

“అలాంటిదేం కాదులెండి అత్తయ్యా” అని సింధూర జ్యోతిక వైపు తిరిగింది. “నువ్వు లేకపోతే నాకు కంగారుగా ఉంటుంది. వచ్చే నెల వెళ్ళకూడదూ?”

“పోయిన నెల గూడ గట్లనే అంటిరి గదక్కా.”

కుసుమకుమారికి ఒళ్ళు మండిపోయింది. “వెళ్తే అటే వెళ్ళు. కడుపుతో ఉన్న పిల్లని వదిలేసి పోయే మనిషి మాకక్కర్లేదు!”

జ్యోతిక ఒక క్షణం ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత తడి చేతులు కొంగుకి తుడుచుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు దవాఖాన వరండాలో, బల్ల చివర కూర్చున్న జ్యోతికకి ఫోనొచ్చింది. సింధూర.

“కోపంలో ఏదో అన్నారు, మనసులో పెట్టుకోకు. అత్తయ్యకి నేను చెప్పానులే, వచ్చెయ్యి. పొద్దున్నుంచి ఒకటే కదలడం! ఎంత బాగుంటుందో నీకెలా చెప్పను!”

“మధ్యాహ్నం ఒస్త అక్కా” అని జ్యోతిక నవ్వింది.

వరస కదిలింది. నర్సు ఆమె చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి కసిరింది. “కాళ్ళు గింత ఉబ్బేదాంక ఏం జేస్తున్నవ్?” తర్వాత కొత్త కార్డు తీసి, తలెత్తకుండానే అడిగింది.

“ఎన్నో నెల?”