మూడో చుక్క

"మూడు!" అన్నాడు పింఖస్ తాత, బాల్కనీ కమ్మీ మీంచి ముందుకు వంగి. "పొడిచేశాయి. ఇక శనివారమే!"

"ఎక్కడ పొడిచాయి? మీ కళ్ళల్లోనా?" అంటూ శాలువా చుట్టుకుని వెనకాలే వచ్చింది బ్రైన్‌డల్. లోపల కోడలు ఫ్రుమా నొప్పులు పడుతోంది. "మీ గొడవేదో బయట పెట్టుకోండి" అని మంత్రసాని క్లోదెత్ మొగుడూ పెళ్ళాలిద్దరినీ గదిలోంచి తరిమేసింది.

గొడవంతా పుట్టబోయే ఎనిమిదో మనవడి సున్తీ గురించి. మా యూదుల్లో పొద్దు గుంకాక మూడు చుక్కలు పొడిస్తే రోజు మారినట్టు. ఈ శుక్రవారం ఆ మూడూ పొడిచాక పుట్టాడా, వాడు శనివారపు బిడ్డ. ఎనిమిదో రోజున, అంటే వచ్చే శనివారం సున్తీ. పొడవకముందే ఈ మసక వెలుతురులో పుడితే శుక్రవారపు బిడ్డో శనివారపు బిడ్డో తేలదు. అనుమానం మీద శనివారపు విశ్రాంతి దినాన సున్తీ చెయ్యరు గనక ఆదివారానికి జరుపుతారు.

శనివారమైతే ప్రార్థనా మందిరం కిటకిటలాడుతుందని తాత సంబరం. బ్రైన్‌డల్ ప్రాణమంతా వాళ్ళక్క గోల్డా మీద ఉంది. తల్లి పోయాక తనను పెంచి పెద్ద చేసిన అక్క. మాంట్రియల్‌లో ఆ కొసన ఉంటుంది. శనివారం కారెక్కకూడదు, ఆ మోకాళ్ళతో అంత దూరం నడవలేదు. ముందురోజే వచ్చి ఉండమంటే పరాయి మంచం మీద నిద్రపట్టదంటుంది. ఏదో ఒక అడ్డం వచ్చి ఇంతవరకూ ఏ మనవడి వేడుకకూ రాలేకపోయింది. ఈసారైనా వేడుకలో ఆచారం ప్రకారం బిడ్డను దిండు మీద పెట్టి ఆమె చేతికివ్వాలని బ్రైన్‌డల్ ఆరాటం.

"పడమటి వైపు చూడవే, ఎలా ధగధగలాడుతోందో! అదొకటి."

"అది శుక్రుడు. గ్రహాలు లెక్కలోకి రావని పెళ్ళైనప్పటి నుంచీ నా చెవిలో ఊదరగొట్టింది మీరే కదా?"

"సరే, దాని పైనున్నది?"

"గురుడు. మిణుకుమంటోందా చూడండి. దీపం పెట్టినట్టు నిలకడగా ఉంది."

"మరి ఆ ఎర్రది?"

"కుజుడు."

"ఆకాశంలో ఉన్నవన్నీ గ్రహాలేనా ఏమిటే? ఒక్క చుక్కా లేదా?"

"ఇవాళ అలా కుదిరాయి, నన్నేం చెయ్యమంటారు?"

తాత పళ్ళు కొరుక్కుంటూ మెడ పైకెత్తాడు. నడినెత్తిన ఒకటి కనబడింది. కాస్త పక్కన సన్నగా ఇంకొకటి. రెండూ మిణుకు మిణుకుమంటున్నాయి. ఇంకొక్కటి పొడిస్తే అక్క రానట్టే.

"త్వరగా బయటపడరా నా తండ్రీ" అని బ్రైన్‌డల్ గది వైపు తిరిగి గొణుక్కుంది.

"అదిగో మూడోది!" తాత గంతేసినంత పనిచేశాడు.

"అది కదులుతోందండీ."

నిజమే. ఆ మూడోది తాపీగా విమానాశ్రయం వైపు దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే లోపల బిడ్డ కేరుమంది. ఇద్దరూ ఒక్కసారే తలెత్తి చూశారు. చుక్కలు రెండే.

తాత గడ్డం నిమురుకున్నాడు. ఇంకొకటి కనబడిందంటే కాదనేవాళ్ళు లేరు. కానీ దేవుడి లెక్కల్లో దొంగమాట ఆయన నోట రాదు. పైగా పెళ్ళాం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆదివారమే" అన్నాడు. "మీ అక్కకు ఫోన్ చెయ్యి. అయ్యో, పొద్దు గుంకగానే విశ్రాంతి నియమం మొదలైంది, ఇప్పుడు ముట్టుకోకూడదు కదూ! రేపు చీకటి పడ్డాక చెయ్యి. ఈసారి సాకులు చెల్లవని నా మాటగా చెప్పు."

బ్రైన్‌డల్ పట్టలేని సంతోషంతో ఆయన చెయ్యి పట్టుకుంది. "కారు పంపిద్దామండీ. చేపలు నేనే వండుతా. దిండుకు కొత్త గలీబు కుడతా. మా అక్క చేతుల్లో వాణ్ణి చూసుకుంటే చాలు, నాకింకేమీ వద్దు."

తలుపు తెరుచుకుంది. క్లోదెత్ చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో బయటికి తొంగిచూసింది.

"ఇంత చలిలో ఇంకా ఆకాశమేం చూస్తారు? లోపలికొచ్చి మీ మనవరాల్ని చూసుకోండి!"