మెడ దాకా ఒకటే మాట

ఆ పొద్దున ఆకాశం కురుస్తానని గాని, కాస్తానని గాని తేల్చి చెప్పలేదు. ఆ మసక వెలుతురులోనే ఆర్టిస్టు గుడ్డ కప్పిన పటాన్ని మూడోసారి చంకన పెట్టుకుని ఆ ఇంటికి వచ్చాడు. వెనక గదిలో గోడకి ఆనించి గుడ్డ తీశాడో లేదో, కొడుకు పెదవి విరిచాడు.

"ముక్కు ఇది కాదండీ. నాన్నది కోటేరు ముక్కు."

"మొన్న కోటేరు ముక్కే కదండీ వేసింది? మీ చెల్లెలుగారు బండముక్కంటే దిద్దాను."

"బండముక్కని నేనెప్పుడన్నాను? కాస్త వెడల్పన్నాను," అంది కూతురు. "ముక్కు సంగతి అలా ఉంచండి. ఆ మీసం ఎక్కడిది?"

"మీ అన్నయ్యగారు పెట్టించారు."

"వాడు చెబితే మా నాన్నకి కొమ్ములు కూడా పెట్టేస్తారా?"

"మీసం లేని నాన్నని ఎక్కడ చూశావే నువ్వు?"

"నువ్వు చూశావా మరి, ఉన్న నాన్నని?"

ఆర్టిస్టు తల గోక్కున్నాడు. పోయినవాళ్ళ బొమ్మలు వెయ్యడంలో అతనిది పండిన చెయ్యి. ఫోటో లేదన్నా జంకడు. ఇంటివాళ్ళు నాలుగు ముక్కలు చెబితే చాలు, మనిషిని తెచ్చి గోడ మీద కూర్చోబెడతాడు. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని మాత్రం అడగడు. పుండు మీద కారం చల్లడం ఎందుకని. అలాంటి చెయ్యి ఈ ఒక్క ముఖం దగ్గర చతికిలబడింది. చెడింది పనో పనివాడో అంతుపట్టక కంటి మీద కునుకు లేదు. ఇవాళ కూడా కుదరకపోతే కుంచెలు కడిగి అటకెక్కించేద్దామనుకునే వచ్చాడు.

వింతేమిటంటే, మెడ కింద అందరిదీ ఒకటే మాట. జేబులో పెన్ను, కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు, పక్కకి తిరిగిన ఎడమకాలి చిటికెనవేలు... అక్కడ ఒక్క దిద్దుబాటూ లేదు.

"పాదాలు అచ్చం ఆయనవే బాబూ," అంది తల్లి, వంగి చూసి మురిసిపోతూ.

"మరి ముఖం? మీరైనా చెప్పండమ్మా. ఇన్నేళ్ళు కాపురం చేసినవారు."

ఆవిడ పటం వంక చాలాసేపు చూసింది. "పెద్ద ముఖమే," అంది చివరికి. గుండ్రమో కోలో చెప్పలేదు.

ఆర్టిస్టుకి తిక్క రేగింది. "ముగ్గురూ ఒక మాట మీదికి రండి. లేదంటే నన్నొదిలెయ్యండి, నా వల్ల కాదు."

"అంత మాట అనకండి." కొడుకు గొంతు తగ్గింది. "నాన్నని ఎప్పుడూ తీరిగ్గా చూసుకోలేదండీ. గోడ మీదుంటే చూసుకుంటాం."

ఆ మాటకి ఆర్టిస్టు మెత్తబడ్డాడు. మళ్ళీ రంగులు కలిపాడు. మీసం పలచన చేశాడు. ముక్కుని అన్నాచెల్లెళ్ళ మధ్య పొలం గట్టు తగవులా సగంలో తెగ్గొట్టాడు.

"ఇదిగో, ఇప్పుడు నాన్న!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తల్లి కూడా తలూపింది.

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తల్లి భోంచేసి వెళ్ళమంటే కాదనలేదు.

బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. ఐదో కంచం కూడా ఉంది. ఎవరో చుట్టం కాబోలు అనుకున్నాడు. అన్నాచెల్లెళ్ళు ఇంకా ఒకరినొకరు ఆటపట్టించుకుంటుండగా వీధి తలుపు తెరుచుకుంది. మాటలు ఠక్కున ఆగిపోయాయి. గుబురు మీసం, ముక్కు కొసన శనగగింజంత పులిపిరి ఉన్న పెద్దాయన ఒకరు వచ్చి బల్ల కొసన కూర్చున్నారు. ముగ్గురి తలలూ వంగాయి.

ఆర్టిస్టు ఉండబట్టలేక పక్కనున్న కొడుకు చెవిలో గొణిగాడు. "ఆయనెవరండీ?"

"నాన్న," అన్నాడు కొడుకు, కంచంలోంచి తలెత్తకుండా.