గొట్టం ఒకరికి, హ్యాండిల్ ఒకరికి

దేవుడి మీద ఎన్నడూ రాని అనుమానం చిన్నోడికి కన్నతండ్రి మీద వచ్చింది. ఏళ్లు గడిచినా పోలేదు. ఇల్లూ వాకిలీ గీత గీసినట్టు సమంగా పంచిన మనిషి, బండి ప్లగ్గులు విప్పే పానాను మాత్రం రెండు ముక్కలుగా ఎందుకు పంచాడు? ప్లగ్గు మీద కూర్చునే గొట్టం చిన్నోడికి, దాన్ని తిప్పే హ్యాండిల్ పెద్దోడికి. ఒకటి లేకుండా రెండోది దేనికీ పనికిరాదు. కలిసి వాడుకోండిరా అన్నాడాయన. ఇద్దరూ సరేనన్నారు. ఆయన పోయాక ఏడాది తిరక్కుండానే అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి.

రెండిళ్లకీ నడుమ ఉన్న నడుమెత్తు గోడను మనిషెత్తు చేయించాలని చిన్నోడు ఇటుకలు దింపించాడు. తెల్లారితే మేస్త్రీ వస్తాడు. ఆ ఇటుకలు సర్దుకుంటుంటే గోడ అవతల దగ్గు వినిపించింది. తలెత్తితే పెద్దోడు.

"ఆ గొట్టం ఉందా?" గోడను అడుగుతున్నట్టు అడిగాడు. "పికప్పు బండి కుదుపుతోంది. ప్లగ్గులు మార్చాలి."

ఇన్నేళ్లూ ఏమైపోయావని అడగబోయి చిన్నోడు ఆగాడు. అడగొచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపి, రేపు దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అలాగని గొట్టం చేతికిస్తే తిరిగొస్తుందన్న నమ్మకమూ లేదు.

"గొట్టం ఇవ్వను. నేనే వచ్చి విప్పుతా."

"రా. ఎవడొద్దన్నాడు."

పెద్దోడి వాకిలి కాస్త వాలు. చక్రాల కింద పెట్టడానికి ఏదైనా పట్టుకు రమ్మంటే, చిన్నోడు గోడ కోసం తెచ్చిన ఇటుకల్లోంచే రెండు తీసుకెళ్లాడు. వదిన గుమ్మంలోకి వచ్చి, మరిదిని చూసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది.

బానెట్ ఎత్తారు. హ్యాండిల్లో గొట్టం టక్కున కూర్చుంది.

"ఏటవాలుగా తిప్పకు. మర పోతుంది," అన్నాడు పెద్దోడు.

"తెలుసులే. నాన్న నాకూ నేర్పాడు."

"నీకు నేర్పాడు. తన్నులు నాకు పడ్డాయి."

చిన్నోడికి నవ్వొచ్చింది. దాచుకోవడానికి ఇంజను మీదకి వంగాడు. మొదటి ప్లగ్గు తేలిగ్గా ఊడొచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. ఇంజను కుదుపుతుందంటే ప్లగ్గుకి మసి పట్టి ఉండాలి. ఇది తళతళలాడుతోంది. తెల్ల పింగాణీ మీద మచ్చ లేదు. బిగించి నెల కూడా అయినట్టు లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

గొట్టం లేకుండా వీటినెలా బిగించాడు? అంటే, పెద్దోడు ఎప్పుడో ఇంకో గొట్టం కొనుక్కున్నాడు.

చిన్నోడు తలెత్తి చూశాడు. పెద్దోడు శుభ్రంగా ఉన్న మడ్‌గార్డునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. చూపు మాత్రం గోడ అవతల ఇటుకల మీద ఉంది.

"ఏరా, ఎలా ఉన్నాయి?"

చిన్నోడు ప్లగ్గును గుప్పిట్లో మూశాడు.

"బాగా పోయాయన్నయ్యా. మార్చాల్సిందే."

అన్నయ్యా అన్న మాట విని పెద్దోడి చేతిలో గుడ్డ ఆగింది. కొత్త ప్లగ్గుల్ని ముందు వేళ్లతో తిప్పి, ఆ తర్వాత పానాతో బిగించారు. తాళం తిప్పితే ఇంజను బుద్ధిగా అందుకుంది. నిన్న కూడా అలాగే అందుకుని ఉంటుంది.

"చూశావా, ఎంత తేడానో," అన్నాడు పెద్దోడు.

"చాలా తేడా."

టీ తాగుతూనే చిన్నోడు మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఎందుకని అన్న అడగలేదు. తమ్ముడు చెప్పలేదు. లేచేటప్పుడు మాత్రం, రేపు తన కారుకీ ప్లగ్గులు చూడాలని, హ్యాండిల్ కావాలని అన్నాడు.

"నేనే పట్టుకొస్తాలే," అన్నాడు పెద్దోడు.

నాన్నకిచ్చిన మాట బాకీ సగం తీరింది, మిగతా సగం రేపు, అనుకుంటూ చిన్నోడు ఇంట్లోకొచ్చి భార్యను పిలిచాడు.

"అలమరలో నేను కొన్న హ్యాండిల్ ఉంది కదా, అన్నయ్య వచ్చేలోపు దాన్ని ఎక్కడైనా దాచెయ్."