స్కీ అభిప్రాయం

లంబసింగి కొండ మీద యంత్రాలు మంచు కురిపించడం మొదలయ్యాక, ఎక్కడ జారాలో స్కీలే నోరు తెరిచి చెబుతున్నాయి. మంచు నచ్చకపోతే కదలకుండా బిగుసుకుపోతాయి.

ఆ మధ్యాహ్నం ఎండెక్కి మంచు ఒక్కోచోట ఒక్కోలా మారేసరికి స్కీలన్నీ బిగుసుకుపోయాయి. స్కీలను పరీక్షించే పాంగి జమున, తుక్కుకు వెయ్యబోతున్న పాత వెడల్పాటి జతను కాళ్లకు తగిలించుకుంది.

"దానికి నోరే లేదమ్మా. పడితే ఎవరిది పూచీ?" అన్నాడు సూపర్‌వైజర్ భాస్కర్.

"కాళ్లు నావి బాబూ. పూచీ కూడా నాదే," అని దూకింది.

పైన వరిపిండిలాంటి మంచు, స్కీలు తేలాయి. నడుమ అప్పడంలా పెళపెళ విరిగే పెచ్చు. దడదడలాడాయి గాని పట్టు తప్పలేదు. కింద మంచు జావైపోయిన చోట సన్నవైతే కూరుకుపోయేవే, ఇవి బాతుల్లా సాగాయి. ఊరుకోలేక జమున గిర్రున తిరిగి, పైనున్న భాస్కర్‌కేసి చూస్తూ వెనక్కి జారింది.

లిఫ్టులో పైకొచ్చాక అతను పరీక్ష ఫారం చాపాడు. అందులో ఒకటే గడి: 'స్కీ అభిప్రాయం'.

జమున 'స్కీ'ని కొట్టేసి 'జమున' అని రాసింది. దాని కింద: "జావలోనూ ఆడుకోవచ్చు. తుక్కుకు వెయ్యాల్సింది ఈ ఫారాన్ని."