చేయి జారిన డిస్కు

"మళ్ళీ పీకి పెట్టు తమ్ముడూ. ఇందాక టింగుమంది కదా!" అంది సారమ్మ, కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుని.

ప్రేమ్ డిస్కు వైరు పీకి మళ్ళీ పెట్టాడు. టింగుమంది. డిస్కు మీది నీలం దీపం వెలిగింది. చర్చి వెనక గదిలోని ఆ ముసలి కంప్యూటరు మాత్రం తనలో ఉన్న డ్రైవుల్నే చూపించి ఊరుకుంది. కొత్తది రాలేదు.

హమ్మయ్య అనుకున్నాడు ప్రేమ్. పైకి మాత్రం, "చూశావా అక్కా, గుర్తుపట్టట్లేదు" అన్నాడు దిగులుగా.

రేపే యోహాను జ్ఞాపకార్థ కూడిక. సారమ్మ మొగుడు యోహాను. రాయపూర్‌లో ఏ తెలుగు క్రైస్తవుల ఇంట ఎవరు పోయినా, కూడికలో ముందు లేచేది ఆయన గొంతే. ఈమధ్య ప్రేమ్ వాళ్ళమ్మ పోయినప్పుడూ ఆయనే పాడాడు. పాడిన ప్రతి పాటా రికార్డు చేసి ఈ డిస్కులో పెట్టి, చర్చి బీరువాలో ఉంచేవాడు. ఆయన కూడికకి ఆయన పాటే వినిపించాలని అందరూ అనుకుంటున్నారు. పొద్దున్నే సారమ్మ బీరువా తీసి, డిస్కు పట్టుకొచ్చి, మైకులు చూసుకునే ప్రేమ్ చేతిలో పెట్టింది. "రేపటిలోపు ఇది తెరుచుకోవాలి తమ్ముడూ" అంది.

"ముందువైపు వద్దు, వెనకాల గుచ్చు. ముందువాటికి కరెంటు చాలదంట" అంది సారమ్మ.

"ఎవరు చెప్పారు నీకు?"

"గుఢియారీలో వైరు కొన్న దుకాణం అతను. ఇదిగో, రెండు మూతులది. రెండూ గుచ్చాలంట."

ప్రేమ్ బల్ల కిందికి దూరాడు. సాలెగూడు మొహానికి అంటుకుంది. అయినా అక్కడే హాయిగా ఉంది. తన మొహం అక్కడైతే సారమ్మకి కనబడదు.

జబ్బు ఎక్కడుందో అతనికి తెలుసు. భన్‌పురిలో ఒక పెళ్ళి వీడియోకి వెళ్తూ ఈ డిస్కు అడక్కుండా పట్టుకెళ్ళాడు. చోటు చాలకపోతే తన ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఉన్నదంతా తుడిచేసి, కొత్త పద్ధతిలో ఫార్మాట్ కొట్టాడు. ఆ పద్ధతి ఈ పాత కంప్యూటరుకి తెలియదు. అందుకే టింగుమంటుంది కానీ చూపించదు. యోహాను బావ ఇంట్లో ఇంకో కాపీ ఉంటుందిలే, తర్వాత చెబుదాంలే అనుకుని మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. చెప్పేలోపే బావ గుండె ఆగిపోయింది.

ఇప్పుడీ డిస్కు తెరుచుకుంటే యోహాను పాట రాదు. గుర్రం మీద పెళ్ళికొడుకు, వాడి ముందు బ్యాండు మేళం, నడిరోడ్డు మీద పొర్లి పొర్లి నాగిని డాన్సు చేసే బావమరదులు వస్తారు.

"ఈ కంప్యూటరుకి వయసైపోయిందక్కా. దీనివల్ల కాదు" అన్నాడు బల్ల కిందినుంచి లేస్తూ.

"వయసైపోతే? నాకూ అయింది. నేను డ్యూటీకి పోవట్లేదా?" సారమ్మ నర్సు. ఏ పేషెంటునీ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "మొత్తం బంద్ చేసి మళ్ళీ చాలూ చెయ్యి."

బంద్ చేశాడు. చాలూ చేశాడు. అది గుర్రుగుర్రుమంటూ లేచేలోపు సారమ్మ తన టిఫిన్ డబ్బా మూత తీసి అతని ముందుకు తోసింది.

"తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. మీ బావంటే నీకున్నంత అభిమానం ఆయన సొంత తమ్ముళ్ళకి కూడా లేదురా."

ప్రేమ్ చేతిలోని ఉప్మా ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. ఇప్పుడే చెప్పేయాలి అనిపించింది.

"అక్కా..."

"ఊఁ?"

"...మంచినీళ్ళు."

ఆవిడ నీళ్ళు అందిస్తుంటే తలుపు చప్పుడైంది. సండేస్కూలు టీచరు సంధ్య చంకలో ల్యాప్‌టాప్‌తో నిలబడి ఉంది.

"నేనే ఫోన్ చేశా" అంది సారమ్మ.

"లావో అన్నా, ఇటివ్వు. ఇది ఏకదమ్ నయా. దీంట్లో తెరుచుకోనిది ఉండదు" అంది సంధ్య నవ్వుతూ.

ప్రేమ్ డిస్కు చేతిలోకి తీసుకున్నాడు. వైరు ఇంకా తగిలించే ఉంది. లోపల తిరుగుతున్న చక్రం అరచేతికి తెలుస్తోంది. సంధ్య చెయ్యి చాపింది.

అతను వేళ్ళు వదిలేశాడు.

డిస్కు నాపరాళ్ళ మీద పడి, ఒక పల్టీ కొట్టి, సారమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

"అయ్యో! చేయి జారింది!" అని అందరికంటే ముందు తనే అరిచాడు.

సంధ్య గబగబా తీసి ల్యాప్‌టాప్‌కి గుచ్చింది. లోపల టక్, టక్, టక్ అని కొట్టుకుంది. ఆ తర్వాత అదీ లేదు. నీలం దీపం ఆరిపోయింది.

"గయా ఆంటీ, పోయింది" అంది సంధ్య మెల్లగా.

ప్రేమ్ తల పట్టుకుని కూలబడ్డాడు. "నన్ను చంపెయ్యక్కా" అన్నాడు. ఏడుపు నటిద్దామనుకున్నాడు కానీ నిజంగానే వచ్చింది.

సారమ్మ డిస్కుని కొంగుతో తుడిచింది. తర్వాత వచ్చి అతని తల మీద చెయ్యి వేసింది.

"ఊరుకో. కావాలని చేశావా ఏంటి?"

ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది.

"రేపు... బావ పాట..."

"పాటలకేం తమ్ముడూ, అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. అవే పెడదాం."

ప్రేమ్ తలెత్తాడు. గుండెల మీది బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. తను దొరికిపోలేదు. బావ పాటలూ పోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి పొద్దుట్నించీ ఈ డిస్కు కోసం ఇంత తిప్పలు ఎందుకు పడ్డావక్కా?"

"మీ అమ్మ పోయిన రోజు నువ్వు ఊళ్ళో లేవు కదా తమ్ముడూ... ఆవిడ నీ పేరు పెట్టి చేసిన ఆఖరి ప్రార్థన మీ బావ రికార్డు చేసి, నీ ఏడుపు కాస్త తగ్గాక వినిపిద్దామని ఇందులో మాత్రమే దాచాడు."