దారి ముగిసే తలుపు

మా తలుపు మీది పసుపు బాణాన్ని చెరిపేయడానికి కొండదారి బాగోగులు చూసే సంఘం వాళ్లు పెయింటరును పంపించారు.

ఆ కొండదారిని మొట్టమొదట చివరిదాకా నడిచింది మావారు. దారి పొడుగునా గుర్తులు వేసుకుంటూ వచ్చి, ఆఖరి బాణాన్ని మా ఇంటి తలుపు మీదే వేశారు. ఆయన పోయాక కూడా, ఆ దారి పూర్తిచేసిన ప్రతివాళ్లూ వచ్చి ఈ తలుపు తట్టేవారు. మెట్లన్నీ బురద చేస్తున్నారని నేను కసిరేదాన్ని. ఇప్పుడు దారిని ఊరి బయట కట్టిన కొత్త భవనం దగ్గరే ఆపేశారు.

"ఇక మిమ్మల్ని ఎవరూ విసిగించరు బామ్మగారూ," అన్నాడు పెయింటరు, డబ్బా మూత తీస్తూ.

"పాత రంగు గీకకుండానే వేస్తావా? నీకు పని నేర్పిందెవరయ్యా?"

గీకేసరికి పొద్దుపోయింది. మర్నాడు వచ్చి ఒక పూత వేశాడు.

"బాణం ఇంకా కనిపిస్తోంది," అన్నాను.

"నాకైతే కనబడట్లేదండీ."

"అయితే కళ్లద్దాలు కొనుక్కో. రేపొచ్చి ఇంకో పూత వెయ్యి."

మూడోరోజు పని ముగించి దండం పెట్టాడు. "ఇంతకంటే నున్నగా అద్దం కూడా ఉండదు బామ్మగారూ, ఇక నన్నొదిలెయ్యండి!"

నిజమే, మచ్చయినా మిగల్లేదు. అతను బ్రష్షు కడుక్కుని సంచీ భుజాన వేసుకున్నాడు.

"కిటికీల సంగతేమిటి?" అన్నాను.

అతను గుమ్మంలోంచే తొంగిచూశాడు. "అవి అల్యూమినియంవండీ. వాటికి రంగు వెయ్యరు."

"ముందు లోపలికొచ్చి చూడు," అన్నాను.